డయాలసిస్ సూది నొప్పికి "ఊపిరి మీద ధ్యాస పెట్టండి" అంటన్నారు, ఇది నిజంగా పనిచేస్తాదా?

కవిటి కొబ్బరితోట:

అందరికీ నమస్కారం. మాది కవిటి దగ్గర ఒక పల్లె, నేను వైజాగ్‌లో పన్జేస్తన్నాను, సెలవు దొరికితే ఇంటికొస్తాను. మా అమ్మ డయాలసిస్ మీద ఉంది. కిడ్నీ జబ్బు ఎక్కువున్న మా ఉద్దానం వాళ్లకి దీని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు, మా వీధిలోనే ఇంకొందరు ఉన్నారు, అందరూ కలిసి ఒకే ఆటో మాట్లాడుకుని సెంటర్‌కి వెళ్తారు. వారానికి మూడుసార్లు, వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు మిషన్ మీద. ఎడం చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉంది, ప్రతిసారీ రెండు సూదులు గుచ్చుతారు, మామూలు ఇంజెక్షన్ సూదులు కాదు అవి, బాగా లావుంటాయి. డయాలసిస్ రోజు పొద్దున్నుంచే అమ్మ ముభావంగా అయిపోతాది, ఎవరితోనూ మాట్లాడదు. సూది వేసే టైముకి మొత్తం బిగుసుకుపోతాది, ఒక్కోసారి సూది సరిగ్గా పడక మళ్లీ గుచ్చాల్సి వస్తాది, ఇంక ఆ రోజంతా ఏడుపే.

నొప్పి బిళ్లలు వాడకూడదని డాక్టర్లు గట్టిగా చెప్పీసేరు, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ అయితే అస్సలు చేయించుకోవద్దన్నారు. మరి సూది పోటు, మూడో గంటకి పిక్కలు పట్టేయడం, రాత్రి పడుకుంటే కాళ్లు పీకడం, వీటికి ఏటి చెయ్యాలి మరి?

మొన్న సెంటర్‌లో కొత్తగా వచ్చిన సిస్టర్ ఒకావిడ "సూది వేసే ముందు కాసేపు కళ్లు మూసుకుని ఊపిరి మీద ధ్యాస పెట్టండమ్మా, దీన్ని మైండ్‌ఫుల్‌నెస్ అంటారు, నొప్పి తగ్గుతాది" అని చెప్పిందంట. అమ్మ ఫోన్లో నాకు చెప్పి ఒకటే నవ్వు, "ఊపిరి ఎలాగూ ఆడతానే ఉంది కదరా, నాను దాన్ని చూస్తే సూది మెత్తబడిపోతాదేటి" అంటంది. నెట్‌లో వెతికితే అన్నీ ఆఫీసు టెన్షన్‌కీ నిద్రకీ చేసేవే, యాప్‌లూ పక్కన సముద్రం సౌండూ (మాకు ఇంటి వెనకాలే ఉంది సముద్రం), అందులో మాటలు అమ్మకి అర్థం కావు. బడికెళ్లలేదు ఆవిడ, జీడి బట్టీలో పిక్కలు కొట్టి మమ్మల్ని పెంచింది.

ఆసుపత్రిలో ఉన్న పేషెంట్ల మీద దీన్ని నిజంగా ఎవరైనా పరీక్షించారా, లేకపోతే ఊరికే ధైర్యం చెప్పడమేనా? పనిచేస్తాది అంటే మన మాటల్లో అమ్మకి ఎలా చెప్పాలి? చెయ్యకూడని టైములు ఏమైనా ఉంటాయా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

డ్యూటీ సిస్టర్ విజయనగరం:

తమ్ముడూ, నేను సర్జికల్ వార్డులో చేస్తన్నాను, అంతకుముందు కొన్నాళ్లు డయాలసిస్ యూనిట్‌లో చేసాను. అమ్మగారు నవ్వారంటే నాకు సంతోషంగానే ఉంది, భయపడి ఊరుకునేవాళ్లకన్నా నవ్వేవాళ్లకి చెప్పడం సులువు. అసలు ధ్యానం, మైండ్‌ఫుల్‌నెస్ అన్న పేర్లు ఆవిడ దగ్గర ఎత్తకు. ధ్యానం అనగానే మనోళ్లు పద్మాసనం వేసుకుని నడుం నిటారుగా పెట్టి కూర్చోవాలనుకుంటారు, సూదుల కోసం చెయ్యి చాపుకుని పడుకున్న మనిషికి అదెక్కడ కుదురుతాది.

నేను చేయించేది చెప్తాను. ముందు ఫిస్టులా లేని చెయ్యి పొట్ట మీద పెట్టుకోమంటాను. పొట్ట పైకి లేస్తందా కిందకి దిగుతందా, అంతే చూసుకోమంటాను. గట్టిగా ఊపిరి లాగమని మాత్రం చెప్పొద్దు, అందరూ అదే చెప్తారు, దాంతో కొందరికి కళ్లు తిరుగుతాయి. లోపలికి మామూలుగానే వెళ్లనివ్వాలి, బయటికి వదిలేటప్పుడు కొంచెం నెమ్మదిగా, వేడి టీ ఊదుకుంటాం చూడు అలాగ. అలా వదులుతూ పళ్లు బిగించి ఉన్నాయా, భుజాలు చెవుల దాకా లేచిపోయాయా, రెండో చెయ్యి పిడికిలి పట్టిందా చూసుకుని ఒక్కోటీ వదిలీమంటాను. ఎవరికైనా నొప్పి వస్తాదనుకోగానే తెలీకుండానే ఊపిరి బిగపట్టేస్తారు, ఒళ్లంతా గట్టిపడిపోతాది, సూది వేసేవాళ్లకీ అప్పుడు కష్టమే. సూది దిగే క్షణానికి ఊపిరి బయటికి వదులుతూ ఉండేలా చూడాలి, దానికి సిస్టర్‌కి ముందే చెప్పి "వేస్తున్నానమ్మా" అనమంటే సరిపోతాది, ఆ మాత్రం చెప్పడానికి ఎవరూ విసుక్కోరు.

అసలు పని సూది పడ్డాక ఉంటాది. అప్పుడు నొప్పిని మర్చిపో అనొద్దు, మర్చిపోవడం ఎవరి వల్లా కాదు. దాన్నే అడగమను. ఇది పోటా, మంటా, సలుపా, జివ్వుమంటందా, లాగుతందా, బరువుగా ఉందా? ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతంది? మోచేతి దాకా ఉందా, సూది చుట్టూ రూపాయి బిళ్లంత మేరేనా? ఇందాకటి మీద పెరిగిందా తగ్గిందా? మన వైపు నొప్పికి ఇన్ని మాటలున్నాయి కాబట్టి పెద్దవాళ్లు భలే కచ్చితంగా చెప్తారు. ఆ చెప్పడంలో పడితే "అయ్యో ఇంకా నాలుగు గంటలు, వారానికి మూడుసార్లు, ఇంక జీవితాంతం ఇంతేనా" అనే ఆలోచన కాసేపు పక్కకెళ్తాది. చాలామందిని సూది కన్నా ఎక్కువ కుంగదీసేది ఆ ఆలోచనే, వార్డులో రోజూ చూస్తన్నాను. మనసు మళ్లీ అటు పోతే తిట్టుకోకుండా పొట్ట మీద చేతి దగ్గరికి రమ్మను, పోవడం రావడం మామూలే.

ఇంకోటి, డాక్టర్‌గారిని మత్తు క్రీమ్ గురించి అడుగు. లిగ్నోకైన్, ప్రైలోకైన్ కలిసి ఉంటాది, సూది వేసే చోట దాదాపు గంట ముందు రాసి పైన ప్లాస్టిక్ కప్పి ఉంచాలి, సెంటర్‌కి వెళ్లాక కడిగేసుకుంటే సూది వేసే ముందు చర్మం శుభ్రం చేస్తారు. అదీ ఇదీ రెండూ చేసుకోవచ్చు, దీనికోసం దాన్ని మానక్కర్లేదు.

పలాస బుల్లెట్:

సిస్టర్ గారూ మీ మీద గౌరవంతోనే అంటన్నాను, ఈ కథలు నాకు నచ్చవు. మా నాన్న డయాలసిస్ మీదే పోయారు. మనోళ్లకి ఓర్చుకోమని చెప్పడం ఇప్పుడు కొత్తా? నీళ్లలో ఏముందో, ఈ జబ్బు ఎందుకొస్తందో ఇన్నేళ్లయినా కచ్చితంగా ఇదీ అని ఎవరూ తేల్చలేదు, అది వదిలీసి ఊపిరి చూసుకోండి అంటే ఒళ్లు మండదా? ముందు సూది సరిగ్గా వెయ్యడం వచ్చినవాళ్లని పెట్టాలి, క్రీమ్ ఫ్రీగా ఇవ్వాలి, మంచానికి మంచానికి మధ్య జాగా ఉండాలి. డబ్బున్నోడికి మందూ, లేనోడికి ధ్యానమూనా? పైగా పక్కన ఎవరో ఒకరు కూర్చుని చెయ్యి పట్టుకుని మంచిగా మాట్లాడినా అంతే తగ్గుతాది కదా, దానికి ఇంత పెద్ద పేరెందుకు.

చీపురుపల్లి ఫిజియో:

పలాస బుల్లెట్ గారి కోపంలో న్యాయం ఉంది, ఆయన అడిగినవన్నీ అడగాల్సినవే. కానీ ఆ చివరి మాట ఉంది చూడండి, పక్కన కూర్చుని మాట్లాడినా అంతే తగ్గుతాది కదా అని, సరిగ్గా దాన్నే అమెరికాలో ఒక ఆసుపత్రిలో పరీక్షించారు. యూటా యూనివర్సిటీ హాస్పిటల్‌లో ఎరిక్ గార్లండ్ అనే ఆయనా ఆయన టీమూ చేసారు, 2017లో జర్నల్‌లో వచ్చింది. నొప్పి భరించలేకపోతన్నాం, ఇచ్చిన మందులు సరిపోవట్లేదు అన్న ఇన్‌పేషెంట్లు 244 మందిని చీటీలేసినట్టు మూడు గుంపులు చేసారు. అందరికీ ఒక్కటంటే ఒక్కటే సెషన్, 15 నిమిషాలు. చేయించినవాళ్లు స్వామీజీలు కారు, ఆ ఆసుపత్రిలో పనిచేసే సోషల్ వర్కర్లే, రాసిచ్చిన కాగితం చూసి చదివారు. ఒక గుంపుకి ఇందాక సిస్టర్ గారు చెప్పినలాంటిదే, ఊపిరినీ నొప్పినీ గమనించి దాన్ని మంట, బిగువు, తిమ్మిరి అని విడదీసి చూడటం. రెండో గుంపుకి హిప్నాటిక్ సజెషన్, అంటే ఒళ్లు తేలిపోతున్నట్టు, నొప్పి ఉన్నచోట చల్లగానో వెచ్చగానో మారుతున్నట్టు ఊహించుకోమనడం. మూడో గుంపుతో ఊరికే పక్కన కూర్చుని నొప్పిని ఎలా తట్టుకోవచ్చో మాట్లాడారు.

మాట్లాడిన గుంపులో నొప్పి 9 శాతం తగ్గింది, మైండ్‌ఫుల్‌నెస్ గుంపులో 23, సజెషన్ గుంపులో 29. అంటే పక్కన కూర్చుని మాట్లాడితే తగ్గుతాదన్నది నిజమే, కానీ అంతే తగ్గుతాదన్నది కాదు. ఆ రెండు గుంపులూ కలిపి చూస్తే దాదాపు మూడో వంతు మందికి నొప్పి 30 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ తగ్గింది. మిగతా వాళ్లకి అంత తగ్గలేదన్నమాటేగా, అది కూడా చెప్పాలి. ఇంకో సంగతి, ఆ కొలతలు సెషన్ అయిన వెంటనే తీసినవి, వారాల తరబడి నిలిచి ఉంటాదని దాన్నిబట్టి చెప్పలేం. డయాలసిస్ సూది మీద ప్రత్యేకంగా చేసింది కూడా కాదు.

మన పద్ధతే కదా ఇది, వాళ్లు ఇప్పుడు కనిపెట్టారా అంటే, ఊపిరి మీద ధ్యాస బౌద్ధం నుంచి వచ్చిందే, మన వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద ఉన్న భిక్షువులకి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. ఆసుపత్రి లోపలికి తెచ్చింది మాత్రం జాన్ కబాట్ జిన్, 1979లో మసాచుసెట్స్‌లో, అది ఎనిమిది వారాల కోర్సు, ఏ మందుకీ లొంగని దీర్ఘకాలపు నొప్పులవాళ్లతోనే ఎక్కువగా మొదలుపెట్టారు. 15 నిమిషాల కురచ రకాలు తర్వాత వచ్చినవి, వార్డులో పేషెంటుకి ఎనిమిది వారాలు ఎక్కడివి మరి.

ఇది ఒంట్లో ఏ దారిన పనిచేస్తాదో అన్న అనుమానం నాకూ ఉండేది. ఫేడల్ జైడన్ అనే ఆయన 2016లో ఒకటి చేసారు, ఒంట్లో సహజంగా తయారయ్యే నల్లమందులాంటి పదార్థాలు పనిచెయ్యకుండా నాలొక్సోన్ అనే మందు ఎక్కించి చూసారు, అయినా ధ్యానం చేసినవాళ్లకి నొప్పి తగ్గడం ఆగలేదు. అంటే దీని దారి మార్ఫిన్ దారి కాదు. వాళ్లు ఆరోగ్యవంతులు, చర్మానికి వేడి తగిలించి చూసిన నొప్పి అది, కాబట్టి దాన్ని ఉన్నదున్నట్టు మన పేషెంట్లకి అంటగట్టలేం. నా దగ్గరికి మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు వస్తారు, కాలు వంచేటప్పుడు ఇదే చేయిస్తాను, కొందరికి బాగా పనిచేస్తాది, కొందరు "మీరు మాట్లాడకండి సార్ బేగి వంచీండి" అంటారు. వాళ్లని బలవంతం చెయ్యను.

బుల్లెట్ గారూ, మందుకి బదులుగా ఇది ఇస్తే నేనూ మీతో వచ్చి గొడవ పడతాను. ఆ యూటా పేషెంట్లు మామూలుగా వాడే మందులు వాడుతూనే ఉన్నారు, ఇది దాని మీద అదనం.

మందస పెద్దోడు:

నాను డయాలసిస్ మీదే ఉన్నాను బాబూ, మా మనవరాలు టైపు చేస్తంది నాను చెప్తంటే. ఆ ఊపిరి సూడ్డం అందరికీ పడదు. ఒంట్లో నీరు ఎక్కువైపోయి ఆయాసం వచ్చిన రోజున ఊపిరి మీద మనసెడితే ఇంకా గాబరా పుడతాది, అసలే ఆడట్లేదు కదా అది, దాన్నే సూడమంటే ఎలగ? నానైతే ఆ రోజు పాదాలు సూసుకుంతాను. అరికాలు దుప్పటికి తగుల్తంది కదా, ఎక్కడ తగుల్తంది, మడమ దగ్గరా ఏళ్ల దగ్గరా, సల్లగుందా ఎచ్చగుందా అని. లేదా మిషన్ సప్పుడు ఇంటాను. అది ఒకే లాగ తిరుగుతున్నట్టుంతాది గానీ బాగా ఇంటే ఒకలాగుండదు.

ఇంకో మాట ఆ కుర్రాడికి. మీ యమ్మ తోటి రోజూ పొద్దున్న ఫిస్టులా మీద సెయ్యేయించు, జుయ్‌మని కొట్టుకుంటాది లోపల. అది ఎలాగూ సూడమని డాక్టర్లు సెప్తారు. నాను దానిమీదే సెయ్యి అలాగుంచి కాసేపు కూకుంటాను, నాకు అదే ఊపిరి ఎక్సర్‌సైజు. ముందు ఆ సెయ్యంటేనే అసియ్యం ఉండీది, ఉబ్బిపోయి తాళ్లలాగ ఉంటాది కదా, ఇప్పుడు లేదు. జుయ్‌మనడం ఆగిపోతే మాత్రం సెంటర్‌కి పరుగెట్టాల, రేపు సూద్దామని కూకోకూడదు.

బుల్లెట్ బాబూ, మీ నాన్న పేరు సెప్పు, మాతోటి వచ్చీవాడేమో. ఇక్కడ కాదు, మెసేజీ పెట్టు.

కవిటి కొబ్బరితోట:

అందరికీ చాలా థాంక్స్. ఆదివారం ఇంటికెళ్లి అమ్మతో కూర్చున్నాను, సోమవారం సెలవు పెట్టి సెంటర్‌కి కూడా వెళ్లాను. కళ్లు మూసుకోమంటే ఒప్పుకోలేదు, ఏ సిస్టర్ వస్తందో చూసుకోవాలంట. సరే తెరిచే ఉంచు అన్నాను. పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. సూది వేసాక అది పోటా మంటా అని అడిగితే ముందు విసుక్కుంది, తర్వాత ఆలోచించి "ఇది పోటు కాదురా, జీడి పాలు చేతికి తగిల్తే మొదట చురుక్కుమని తర్వాత మంటెత్తుతాది చూడు, అలాగ" అంది. ఇంక పదేళ్ల బట్టీ కథలన్నీ మొదలుపెట్టింది, ఏ మేస్త్రీ తూకంలో ఎంత కొట్టేసేవాడో వరసగా. నొప్పి తగ్గిందా అంటే "ఉంది, ఉన్నాది గాని ఏడుపు రాలేదు" అంది. రెండో సూదికి మళ్లీ బిగుసుకుపోయింది, దానికి ఏటీ పనిచెయ్యలేదు. క్రీమ్ గురించి డాక్టర్‌గారిని అడిగాను, రాసిచ్చారు.

పెద్దాయనకి నమస్కారాలు, ఆ జుయ్‌మనే దాని మీద చెయ్యేసి కూర్చోవడం అమ్మకి బాగా నచ్చింది, మిగతావాటి కన్నా అదే చేస్తాను అంటంది.

సిస్టర్ గారూ, పిక్కలు పట్టేసినప్పుడు, రాత్రి కాళ్లు పీకినప్పుడు కూడా ఇదే చెయ్యొచ్చా? నేను వైజాగ్‌లో ఉంటాను కదా, రాత్రి పూట పక్కన కూర్చుని చెప్పేవాళ్లు ఉండరు.

డ్యూటీ సిస్టర్ విజయనగరం:

రెండూ వేరు తమ్ముడూ. మిషన్ మీద ఉండగా పిక్క పట్టేస్తే ఊపిరి చూసుకుంటూ కూర్చోకూడదు, వెంటనే పిలవాలి. ఒంట్లోంచి నీరు తొందరగా లాగేస్తున్నప్పుడు అలా అవుతాది, వాళ్లు మిషన్‌లో ఆ స్పీడు తగ్గిస్తారు, అవసరమైతే సెలైన్ ఇస్తారు, పాదం పైకి వంచి పట్టుకుంటే కండరం సాగుతాది. రెండు డయాలసిస్‌ల మధ్య బరువు ఎక్కువ పెరిగితే లాగాల్సిన నీరు ఎక్కువ, పట్టేయడమూ ఎక్కువ, అందుకే నీళ్లూ ఉప్పూ చూసుకోమంటారు. అలాగే చెమటలు పట్టడం, ఆవలింతలు, కళ్లు బైర్లు కమ్మడం, ఛాతీలో నొప్పి, సూది చోట వాపు రావడం, రక్తం కారడం, వీటిల్లో ఏది వచ్చినా ఆవిడ మొహమాటపడకుండా గట్టిగా పిలవాలి. మన వైపు ఆడవాళ్లు "సిస్టర్ బిజీగా ఉంది కదా" అని ఊరుకుంటారు, మీ అమ్మగారికి ఇది రెండుసార్లు చెప్పు.

రాత్రి కాళ్ల సంగతి, కదిపితే హాయిగా ఉండి ఆపగానే మళ్లీ పీకుతందా అని అడుగు. అవును అంటే డాక్టర్‌కి చెప్పండి, డయాలసిస్ వాళ్లలో చాలామందికి ఉండేదే, ఐరన్ తక్కువున్నా వస్తాది, దానికి టెస్టులూ మందులూ ఉన్నాయి. చూపించుకున్నాక కూడా కొంచెం మిగిలితే అప్పుడు దీన్ని వాడుకోవచ్చు, పడుకుని బొటనవేలి దగ్గర మొదలుపెట్టి పాదం, మడమ, పిక్క, మోకాలు అని ఒక్కో చోటా కాసేపు ఆగి అక్కడ ఎలా ఉందో చూసుకుంటూ పైకి రావాలి. కదపాలనిపిస్తే కదపొచ్చు, కొయ్యలా పడుండక్కర్లేదు.

పక్కన ఎవరూ లేకపోతే ఫోన్లో నీ గొంతే రికార్డు చేసి పెట్టు, యాప్‌లో పరాయి గొంతు కన్నా అదే నయం. నేను వార్డులో చెప్పేది రాస్తన్నాను, నీ యాసలోకి మార్చుకో:

"అమ్మా, చెయ్యి పొట్ట మీద పెట్టుకో. మంచం నిన్ను మోస్తంది, వీపు బరువంతా దానికి వదిలీ. ఊపిరి దాని మానాన దాన్ని రానీ, బయటికి పోయేటప్పుడు నెమ్మదిగా పోనీ. పళ్లు వదులు చెయ్. భుజాలు దించు. ఇప్పుడు నొప్పి ఎక్కడుందో అక్కడికి వెళ్దాం. తరమొద్దు. ఎంత మేర ఉంది? మంటా, పోటా, పీకుడా? అంచు ఎక్కడుంది? అంచు దాటాక నొప్పి లేని చోటు కూడా ఉంది కదా, అక్కడ కాసేపు ఉండు. మనసు ఎటైనా పోతే పోనీ, మళ్లీ చెయ్యి దగ్గరికి వచ్చీ."

ఒక్కో మాటకీ మధ్య నువ్వు రెండు మూడు సార్లు ఊపిరి పీల్చి వదిలేంత గ్యాప్ ఇవ్వు, రికార్డు చేసేవాళ్లంతా గబగబా చదివేస్తారు. ఫ్యాన్ ఆపి చెయ్, లేకపోతే ఆవిడకి హోరు తప్ప ఏటీ వినపడదు. రెండో సూదికి పనిచెయ్యలేదన్నావు కదా, ఈసారి మొదటి సూది అయ్యాక రెండోదానికి కాస్త ఆగమని సిస్టర్‌ని అడిగి చూడండి, ఒక రెండు నిమిషాలు చాలు.